అంటీముట్టనట్టు ఉండే ఒక పాత్ర కావాలి

(తెలుగు టీవీ సీరియల్ రచయితలకు బహిరంగ లేఖ)



మా పెద్దమ్మ ఫోన్ మీ సీరియల్ విరామంలో వచ్చేది. ఎనిమిదింటికి కథ మొదలైతే ఎనిమిదీ పదికి మొదటి విరామం. సబ్బు, టీపొడి, నగల దుకాణం. ఆ నాలుగు నిమిషాల్లో అమలాపురంలో ఆవిడ రిసీవర్ ఎత్తితే కాకినాడలో మా హాల్లో ఫోన్ మోగేది. ముందు కథ చెప్పేది. అత్త ఏమంది, ఆడపడుచు పాలల్లో ఏం కలిపింది, కోడలు నోరు మెదపకుండా ఎలా నిలబడింది. తరవాత కాస్త ఆగి, “చూశావా ఆ పిల్లకి ఎంత ఓర్పో! నీకు ఓర్పు లేదే బుజ్జీ. అందుకే ఏదీ నిలవట్లేదు” అనేది. నగల ప్రకటన అయ్యేలోపు ఫోన్ పెట్టేసేది. కథ తప్పిపోకూడదు కదా.

ఏదీ నిలవట్లేదంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. రెండుసార్లు కడుపు నిలవలేదు.

మీరు రాసిన ఆ ఓర్పు గల పిల్లను బెత్తంలా పట్టుకుని మా పెద్దమ్మ నన్ను రెండేళ్లు కొట్టింది. అందుకే ఈ ఉత్తరం ఆవిడకి కాకుండా మీకు రాస్తున్నాను. సీరియళ్లు ఆపేయమని అడిగే ఉత్తరాలు మీకు చాలా వచ్చి ఉంటాయి. ఇది వాటిలో ఒకటి కాదు. నేనూ చూస్తాను. బడి నుంచి వచ్చి, మర్నాటి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తాను. మీ కథలో చాలాకాలంగా ఒక మనిషి లేదు. ఆ మనిషిని రాయమని అడగడానికే ఇదంతా.

ముందు మా పెద్దమ్మ గురించి చెప్పనివ్వండి. మీరైతే ఆవిడకి కనుబొమలు పైకి గీయించి, మెడలో నాలుగు పేటల గొలుసు వేయించి, ఆవిడ గుమ్మంలోకి రాగానే వెనక డప్పులు మోగిస్తారు. మా పెద్దమ్మ అలా ఉండదు. నేత చీర, చేతిలో స్టీలు డబ్బా. డబ్బాలో సున్నుండలు. మినుములు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం కలిపి, నెయ్యి కాచి పోసి, వేడి మీదే ఉండ కట్టేది. ఉండ కట్టి కట్టి ఆవిడ అరచేతులు ఎర్రగా ఉండేవి. మా అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నలభై రోజులు మా ఇంట్లో ఉండి మమ్మల్ని బడికి పంపింది ఆవిడే. అంత చేసిన మనిషి ఒక మాట అంటే పట్టించుకోవాలా? ఇంట్లో అందరూ నన్నడిగిన ప్రశ్న ఇదే. మా అమ్మ కూడా. “నోరే గానీ మనసు వెన్న” అనేది. ఈ వాక్యం వినని తెలుగిల్లు ఉంటుందనుకోను. మనసు వెన్నే కావచ్చు. మాకు వినబడేది మాత్రం నోరే.

ఇక సీమంతం సంగతి. మా తమ్ముడి భార్యకి, అంటే పెద్దమ్మ చిన్నకోడలికి, ఏడో నెల. అమలాపురంలో ఇంటి నిండా జనం. ముత్తయిదువలందరూ వరసగా కూర్చుని ఆ పిల్లకి గంధం రాసి, గాజులు తొడుగుతున్నారు. ఎర్రవి, ఆకుపచ్చవి మట్టిగాజులు ఇత్తడి పళ్లెంలో చేతులు మారుతూ వస్తున్నాయి. నా పక్కావిడ గాజులు తొడిగి పళ్లెం నా వైపు జరిపింది. నేను చేయి చాపాను. పెద్దమ్మ వచ్చి, నవ్వుతూనే, పళ్లెం నా చేతి మీదుగా ఎత్తి అవతలావిడకి ఇచ్చింది. వంగి నా చెవి దగ్గర, “నువ్వు కాసేపు లోపల కూర్చోమ్మా. నీ మంచికే చెప్తున్నా” అంది.

ఎవరూ గమనించలేదు. గమనించినా ఏముంది చూడటానికి? ఒక పళ్లెం ఒక చేతిని దాటి ఇంకో చేతికి వెళ్లింది. మీ కెమెరాకి పనికొచ్చే సంఘటన కాదది. నేను లోపలికి వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చుని, బయట గాజుల చప్పుడు విన్నాను.

ఆ తరవాత నా ఒంటికి ఏదో అయింది. ఎనిమిదవుతుంటే అరచేతులు చెమట పట్టేవి. ఫోన్ మోగితే కడుపులో తిప్పేది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ తెల్లవారేదాకా నిద్ర లేదు. క్లాసులో బోర్డు మీద సగం వాక్యం రాసి మిగతా సగం మర్చిపోయాను ఒకరోజు. పిల్లలు నవ్వలేదు, దానికి ఇంకా భయం వేసింది. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, స్కానింగ్ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. “మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి” అన్నాడు ఒక డాక్టరు. టెన్షన్ ఏ కొట్లో తగ్గించి ఇస్తారో చెప్పలేదు. ఇంకో డాక్టరు మాత్రం చీటీ రాసి సైకియాట్రిస్టు దగ్గరికి పంపాడు. మా ఆయన ఆ రోజు స్కూటరు క్లినిక్ ముందు ఆపలేదు, పక్క సందులో మందుల షాపు ముందు ఆపాడు. తప్పు ఆయనది అనను. పిచ్చాసుపత్రి అంటే మేమిద్దరం చూసింది మీ సీరియళ్లలో, సినిమాల్లోనే కదా. జుట్టు విరబోసుకున్న మనుషులు, గొలుసులు, ఆస్తి కోసం విలన్ పొడిపించే ఇంజెక్షన్.

లోపల అవేవీ లేవు. ఒక బల్ల, ఒక ఫ్యాను, కళ్లజోడు పెట్టుకున్న ఒక డాక్టరమ్మ. అంతా విని, “మీ పెద్దమ్మగారితో వారానికి ఎంతసేపు మాట్లాడతారు?” అని అడిగింది. లెక్క వేశాను. రోజుకి నాలుగు నిమిషాలు, వారానికి ఇరవై ఎనిమిది. అరగంట కూడా కాదు. ఈ అరగంటకేనా ఇంత దూరం వచ్చానని సిగ్గేసింది. ఆవిడ, “ఆ అరగంట గురించి మిగతా వారమంతా ఎంతసేపు ఆలోచిస్తారు?” అంది.

జవాబు చెప్పలేకపోయాను.

అప్పుడు ఆవిడ ఒక పాత సంగతి చెప్పింది. తరవాత నేనూ వెతికి చదివాను. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన స్కిజోఫ్రీనియా రోగుల్లో ఎవరికి జబ్బు తిరగబెడుతోందో చూశాడు. అమ్మానాన్నల దగ్గరికో, కట్టుకున్నవాళ్ల దగ్గరికో వెళ్లినవాళ్ల కంటే అద్దె గదులకు, తోబుట్టువుల ఇళ్లకు వెళ్లినవాళ్లే నయంగా ఉన్నారట. ఎందుకని తవ్వుతూ పోతే తేలింది ఇంట్లో మాట తీరు. ఎత్తిచూపే మాటలు, అయిష్టం, మితిమీరిన ఆరాటం, ఈ మూడింటినీ కొలిచే పద్ధతి కూడా తయారుచేశారు. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ఇంకో సంగతి బయటపెట్టారు. అలాంటి ఇళ్లలోనే ఉన్నా, ఆ మనుషులతో ఎదురెదురుగా వారానికి 35 గంటల కంటే తక్కువ గడిపినవాళ్లకి జబ్బు తిరగబెట్టడం తక్కువ. “అది పెద్ద జబ్బు, మీది అది కాదు. కానీ దూరం కూడా మందులా పనిచేస్తుందని చెప్పడానికి చెప్పాను” అంది డాక్టరమ్మ. నాకు మాత్రం 35 దగ్గర ఆగిపోయింది మనసు. ఫోనులో ఆవిడ అరగంట. నా తలలో ముప్పై అయిదు ఎప్పుడో దాటేసింది.

మన కుటుంబాలు చెడ్డవనడానికి దీన్ని వాడుకుంటారేమో, అలా వాడకండి. 1980ల్లో చండీగఢ్‌లో ఇదే కొలతతో చూస్తే, మన ఇళ్లలో ఎత్తిచూపే మాటలు లండన్ ఇళ్లకన్నా తక్కువే తేలాయి. అమలాపురంలో కొలిచి ఉంటే ఏమయ్యేదో గానీ.

ఇక మీ పని గురించి. మీరు భాష మనుషులు కాబట్టి ఒక చిన్న లెక్క అడుగుతాను. బంధువుల నోటి దెబ్బకి తెలుగులో ఎన్ని మాటలున్నాయి? సాధింపు, దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు, సూటిపోటి మాట, పుల్లవిరుపు, ఆరడి, నస, రాచిరంపాన పెట్టడం, వేపుకు తినడం. వంటింట్లో మసాలా డబ్బాలా ఎన్ని రకాలో. అదే ఆ దెబ్బ తగలకుండా కాస్త పక్కకి జరిగిన మనిషికి ఏ మాటలున్నాయి? పొగరు. తలబిరుసు. మూతి బిగింపు. చుట్టరికాలు తెంచుకున్న మనిషి. కాస్త మెత్తగా అనాలంటే, “అంటీముట్టనట్టు ఉంటుందండీ ఆవిడ.” అదీ మెచ్చుకోలు కాదు.

అంటకుండా, ముట్టకుండా. నాకు ఆ మాట చాలా ఇష్టమైపోయింది. తిట్టుగా వాడుతున్నాం గానీ అదొక విద్య. మీ సీరియల్లో లేని మనిషి ఆవిడే. మీ దగ్గర ఉన్నది రెండే రకాలు. వెయ్యి ఎపిసోడ్లు కన్నీళ్లు మింగే అమ్మాయి ఒకతె, చివరి వారంలో కాళికై చెంప పగలగొట్టే అమ్మాయి ఒకతె. తరచూ ఇద్దరూ ఒకరే. పడటానికీ పగలగొట్టడానికీ మధ్య ఉన్న ఇంత పొడుగు జీవితం మీ స్క్రిప్టులో ఉండదు. అక్కడే మేమందరం బతుకుతున్నాం.

మన దగ్గర ఇది ఎప్పుడూ ఇలా లేదు. డి.వి.నరసరాజుగారు మాటలు రాసిన ‘గుండమ్మ కథ’ 1962లో వచ్చింది. మా కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన సూర్యకాంతంగారు అందులో ఎంత గయ్యాళో చెప్పక్కర్లేదు. ఆవిడ తరవాత ఆడపిల్లకి ఆ పేరు పెట్టాలంటేనే మనవాళ్లు జంకారని చెప్పుకుంటారు. కానీ గుండమ్మకి పిసినారితనం ఉంది, కూతురి మీద ప్రేమ ఉంది, లోలోపల బెరుకు ఉంది. చివర్లో ఛాయాదేవి దుర్గమ్మగా ఇంట్లో దిగి గుండమ్మకే ఆ రుచి చూపిస్తే మనకి జాలేస్తుంది. భానుమతిగారు ‘అత్తగారి కథలు’లో రాసిన అత్తగారు ఎంత విసిగించినా ఆవిడ లేకపోతే ఆ ఇల్లు వెలవెలబోతుంది. మీకు ముందు ఈ దారిలో నడిచినవాళ్లు వీళ్లు. మీరేమో పాలల్లో విషం, మెట్ల మీద నూనె. విషం కలిపే అత్త ఉంటే పోలీసుల్ని పిలవొచ్చు. గాజుల పళ్లెం ఎత్తుకెళ్లిన పెద్దమ్మ మీద ఎవరికి చెప్పుకోవాలి? మీ విలన్లు అంత పెద్దవాళ్లు అయ్యేసరికి, మా ఇళ్లలో జరిగేది జరగనట్టే అయిపోతోంది. “నీకేమైనా విషం పెట్టారా, ఒక మాటేగా అన్నారు” అంటారు మమ్మల్ని.

ఇంకొకటి. మీ మగవాళ్లు పాపం ఎప్పుడూ ఏమీ ఎరగనివాళ్లు. ఆఫీసు నుంచి వచ్చి “ఏం జరిగిందమ్మా?” అని అడుగుతారు. మా ఆయనకి నిద్ర లేకుండా చేసింది ఒక మగమనిషి, ఆయన సొంత బాబాయి. గొంతు ఎప్పుడూ పెంచడు. పండక్కి వస్తాడు, కాఫీ తాగుతాడు, బ్యాంకు కాగితాలు బల్ల మీద పెట్టి “హామీ సంతకమే కదరా అబ్బాయ్, మీ నాన్నుంటే అడిగేవాణ్నా” అంటాడు. పోయిన తండ్రిని సాక్షిగా తెచ్చి సంతకం అడిగే మనిషికి నేపథ్య సంగీతం ఏం వేస్తారో చూడాలనుంది నాకు.

సరే, నేనేం చేశానో చెబుతాను. మీకు సీన్లకి పనికిరావచ్చు.

మొదట చేసింది తెలివితక్కువ పని. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఫోన్ వైరు పీకేశాను. ఎనిమిదీ ఇరవైకి పక్కింటావిడ తలుపు కొట్టింది. పెద్దమ్మ మా అమ్మకి, మా అమ్మ పక్కింటికి ఫోన్ చేశారు, “బుజ్జి ఎత్తట్లేదు, ఏమైందో” అని. మర్నాడు ఫోన్ పాడైందని చెప్పాను. ఎన్నాళ్లు పాడవుతుంది ఫోను? అబద్ధం ఒకటి చెబితే దానికి కాపలా కాయడానికి ఇంకో పది చెప్పాలి, ఆ కాపలాతో ఉన్న కాస్త నిద్రా పోయింది. డాక్టరమ్మ అబద్ధం వద్దంది. కారణాలు కూడా వద్దంది. కారణం చెబితే దాన్ని పట్టుకుని వాదిస్తారు. ఏం చేస్తానో మాత్రం చెప్పమంది. నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేసి, పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను. “రాత్రిపూట నాకు కుదరదు పెద్దమ్మా. ఆదివారం పదకొండింటికి నేనే చేస్తాను.”

“అంత గొప్పదానివయ్యావా” అంది. అంతే. రెండు నెలలు అలక.

ఆ రెండు నెలలూ నాకు హాయిగా ఉన్నాయని మీరు రాస్తారేమో. లేవు. మా అమ్మ రోజూ ఏడ్చింది. వదిన ఒకామె నన్ను పెళ్లిలో చూసి మొహం తిప్పుకుంది. తప్పు చేశాననిపించేది పొద్దున్న, చేయలేదనిపించేది రాత్రి. మందులు వాడాను, ఎనిమిది నెలలు. నిద్ర ముందు తిరిగొచ్చింది, ధైర్యం తరవాతెప్పుడో వచ్చింది.

ఆదివారాలు మొదలయ్యాయి. ఆవిడకి చెప్పని ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాను. ఫోన్ కలిపే ముందు లీటరు పాలు గిన్నెలో పోసి, సన్నటి సెగ మీద పెట్టేదాన్ని. పాలు పొంగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ ఆవిడవి. మోకాళ్ల నొప్పులు, కొబ్బరి ధర, కోడలి వంట, అన్నీ వింటాను, మనసు పెట్టే వింటాను. మాట నా కడుపు వైపు తిరిగేసరికి, “అలాగా పెద్దమ్మా”, “చూద్దాం పెద్దమ్మా”. అంతకు మించి ఒక్క ముక్క ఇవ్వను. ఈ లోపు పాలు పైకొస్తాయి. “పాలు పొంగుతున్నాయి పెద్దమ్మా, ఉంటాను.” అబద్ధం కాదు. నిజంగానే పొంగుతుంటాయి. పొంగే పాలని వదిలేసి మాట్లాడమని ఏ తెలుగు ఆడదీ అనదు.

ఫంక్షన్లకి వెళతాను. అక్షింతలు వేస్తాను, భోంచేస్తాను, పెళ్లికూతురితో ఫోటో దిగుతాను. నాలుగింటి బస్సుకి టిక్కెట్టు ముందే తీసుకుంటాను. రాత్రి ఉండను. చాపలు పరుచుకుని పడుకున్నాక చీకట్లో అనుకునే మాటలే మనుషుల్ని ఎక్కువ కోస్తాయని నా అనుభవం. ఎక్కువసేపు వంటవాళ్ల దగ్గర కూర్చుంటాను, గాడిపొయ్యి పక్కన. వాళ్లకి నా కడుపుతో పని లేదు. ఇంట్లో ఒక్కటే కట్టడి పెట్టుకున్నాం. నా వైపువాళ్లకి రానని నేను చెప్పాలి, ఆయన వైపువాళ్లకి ఆయన చెప్పాలి. కోడలి నోటి నుంచి వస్తే పొగరయ్యే మాట కొడుకు నోటి నుంచి వస్తే వట్టి మాటే అవుతుంది. అన్యాయమే, కానీ ఉన్నది ఉన్నట్టు వాడుకున్నాం. బాబాయికి సంతకం చేయనని ఆయనే చెప్పాడు. ఆయన చెయ్యి వారం రోజులు వణికింది. ఇప్పుడు బాబాయి పండక్కి వేరే ఇంట్లో కాఫీ తాగుతున్నాడు.

అన్ని చుట్టరికాలకీ ఈ పాలగిన్నె లెక్క సరిపోదు. చేయి చేసుకునేవాడు, తాగొచ్చి తలుపులు బాదేవాడు, పసిపిల్లల ఒంటి మీద చేయి వేసే మావయ్యో బాబాయో తాతయ్యో ఉంటే అక్కడ అంటీముట్టనట్టు ఉండటం పాపం. అక్కడ తెగదెంపులే. పిల్లలకైతే 1098కి, ఆడవాళ్లకైతే 181కి ఫోన్ చేయాలి. పరువు సంగతి తరవాత చూసుకోవచ్చు. ఇలాంటి కథ మీరు రాసినప్పుడల్లా చివరికి ఆ తాతయ్యని మంచం మీద పడుకోబెట్టి, కళ్లనీళ్లు పెట్టించి, క్షమించేయిస్తున్నారు. దయచేసి ఆ ఒక్కటి ఆపండి.

చట్టం గురించి కూడా మీ రచయితల గదిలో ఎవరైనా చదివితే బాగుంటుంది, మంచి సీన్లున్నాయి. 2005 గృహహింస చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. అవమానించడం, పేర్లు పెట్టి ఎగతాళి చేయడం, ముఖ్యంగా పిల్లలు లేరనో మగపిల్లాడు లేడనో దెప్పడం కూడా అందులో రాసే ఉంది. పెద్దమ్మ మీద కేసు వేద్దామని కాదు, ఆవిడ మా గడపలో ఉండే మనిషే కాదు. కానీ నన్ను కోసింది వట్టి మాట కాదని దేశం పుస్తకంలో ఒప్పుకుందని తెలిసిన రోజు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

ఇంకా మంచి సీను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. మనసు బాగోలేక ఆసుపత్రి పాలైతే మన తరఫున మాట్లాడటానికి ఒక ప్రతినిధిని మనమే ముందుగా ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, వేలిముద్రైనా సరే. ఆ మనిషి బంధువే కానక్కర్లేదు! పక్క బల్ల టీచరు కావచ్చు, చిన్ననాటి స్నేహితురాలు కావచ్చు. మీ విలన్ ఒక సంతకంతో కథానాయికని పిచ్చాసుపత్రిలో వేయిస్తాడు చూడండి, చట్టం ప్రకారం అది అంత తేలిక కాదు. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే ఆ ప్రతినిధి అర్జీ కావాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్ష చేయాలి, ఆడమనిషైతే మూడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజేయాలి. విలన్ కాగితాలు పట్టుకొస్తాడు. కథానాయిక పెట్టెలోంచి ఒక తెల్లకాగితం తీస్తుంది. అందులో ఎప్పుడూ ఎవరూ లెక్కచేయని పక్కింటావిడ పేరు. మీరు మూడుసార్లు క్లోజప్ వేసుకోండి, ఆ సీనుకి నేనేమీ అనను.

ఒక సంఖ్య చెప్పి ఈ చట్టాల గొడవ వదిలేస్తాను. 2022లో దేశంలో నమోదైన ఆత్మహత్యల్లో 31.7 శాతానికి జాతీయ నేర గణాంకాల సంస్థ పుస్తకం రాసిన కారణం ‘కుటుంబ సమస్యలు’. ఏ చావుకీ కారణం ఒక్కటే ఉండదు, పోలీసు కాగితంలో గడి చిన్నది. అయినా ఆ గడిలో పడిన మనుషులు మీ సీరియల్ చూసే ఇళ్లలోంచి వెళ్లినవాళ్లే. నేను తిప్పలు పడ్డ రోజుల్లో లేదు గానీ, 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్లకి ఒక ఫోన్ లైను కేంద్రం మొదలుపెట్టింది. నంబరు 14416. ఎప్పుడు చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సిగరెట్ సీను వస్తే కింద అక్షరాలు వేస్తారు కదా. కోడలు రాత్రంతా వంటింట్లో కూర్చుని ఏడ్చే సీను కింద ఈ అయిదంకెలు వేస్తే మీ ఛానల్ వాళ్లకి పోయేదేముంది?

మా మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఈ మధ్య పెద్దమ్మ గురించి చెబితే, “ఆవిడ టాక్సిక్ అత్తా, నార్సిసిస్టు, బ్లాక్ చేసెయ్” అంది. ఫోనులో అర నిమిషం వీడియోలు చూసి మనుషులకి జబ్బుల పేర్లు పెట్టడం నాకు నచ్చదు. మా డాక్టరమ్మ ఒక్కసారి కూడా పెద్దమ్మకి జబ్బు పేరు పెట్టలేదు. “ఆవిడ నా పేషెంటు కాదమ్మా. మీ నిద్ర సంగతి చెప్పండి” అనేది. ఇంకో గొడవ కూడా ఉంది. ఆపరేషన్ అయి నేను మంచం మీద ఉంటే ఇంటికి వచ్చి అన్నం పెట్టింది బ్లాక్ బటన్ కాదు. మా పెద్దమ్మే, స్టీలు డబ్బా పట్టుకుని, రెండు బస్సులు మారి. పన్నెండు రోజులు ఉండి వంటా చేసింది, సాధించనూ సాధించింది. రెండూ ఆవిడే.

ఆ పన్నెండు రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, నాకు జావ కలుపుతూ, తన సంగతి చెప్పింది. పద్నాలుగేళ్లకి పెళ్లి. ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. ఆ తరవాత ఎవరి సీమంతమైనా అత్తగారు ఆవిడని ధాన్యం గదిలో కూర్చోబెట్టి గొళ్లెం పెట్టేదట. “నిన్ను గొళ్లెం పెట్టలేదుగా” అంది నాతో. నిజమే, గొళ్లెం పెట్టలేదు. ఆవిడ లెక్కలో అది చాలా పెద్ద దయ. నాకు జాలేసింది. ఎందుకలా చేసిందో తెలిసింది కాబట్టి ఇక నన్ను బాధపెట్టదని మాత్రం అనుకోలేదు. ముల్లు ఏ చెట్టుదో తెలిసినంత మాత్రాన గుచ్చుకోకుండా ఉంటుందా? ఆవిడ వెళ్లిపోయిన ఆదివారం మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టాను.

మీకు రేటింగులు గురువారం వస్తాయని తెలుసు. సగం కథలు వేరే భాషలో ముందే రాసేసి ఉంటాయని, మిగతా సగం ఛానల్ వాళ్లు మారుస్తారని, సీను కాగితం షూటింగ్ రోజు పొద్దున్న చేతికొస్తుందని కూడా విన్నాను. అందుకే కథానాయికని మార్చమని అడగట్లేదు. ఏ మూలో ఒక చిన్న పాత్ర చాలు. రెండో కోడలో, మేడ మీద అద్దెకుండే టీచరో. పేరంటానికి వస్తుంది, పసుపు రాయించుకుంటుంది, ఎవరో ఒక మాటంటే “అలాగా పిన్నీ” అంటుంది, నాలుగింటికి చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. ఆమె వెళుతుంటే పిడుగు వద్దు. తరవాత ఎపిసోడ్‌లో ఆమెకి యాక్సిడెంటు వద్దు. అహంకారం అణిగి తిరిగి రావడం అసలే వద్దు. మర్నాడు ఆమె మామూలుగా నిద్ర లేచి, మొక్కలకి నీళ్లు పోస్తున్నట్టు చూపించండి. అంతే.

మా పెద్దమ్మకి ఇప్పుడు ఎనభై మూడు. ఒక చెవి వినబడదు. టీవీ గట్టిగా పెట్టుకుని మీ సీరియల్ ఇంకా చూస్తోంది. మొన్న ఆదివారం ఫోన్ చేశాను. కథంతా చెప్పింది. ఆ పిల్లని మళ్లీ ఇంట్లోంచి గెంటబోతున్నారట, ఆ పిల్ల మళ్లీ కాళ్లు పట్టుకుందట. ఆగి, విసుగ్గా, “ఎన్నాళ్లని పడుతుందే అది? పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఉండి రావచ్చుగా” అంది. నేనేమీ అనలేదు. చెంచాతో పాలు కలుపుతున్నాను. ఒక్క క్షణం ఆగి, “అన్నట్టు, నువ్వు మరీ లావైపోయావటగా. మొన్న పెళ్లిలో చూసినవాళ్లు చెప్పారు. నీ మంచికే...” అని మొదలుపెట్టింది.

“పాలు పొంగుతున్నాయి పెద్దమ్మా.”

ఇట్లు,
మీ ప్రేక్షకురాలు,
కాకినాడ